కందనకాయ వాంగ్మూలం

అండాలుకు అప్పుడు ఆరేండ్లు. నాకు అత్తగారు కావడానికి ఇంకా చాలా తీరిక ఉంది కాబట్టి, ఆ రోజుల్లో ఆమె చేసే పని ఒక్కటే: ఇంట్లో తిన్నది వాడకట్టంతా చెప్పి రావడం.

చెప్పడం తప్పు కాదు. కట్టంగూరు చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు కనబడితే పెద్దలు అడిగే మొదటి మాటే అది. పేరేమిటి, ఎవరి బిడ్డవు అన్నవి తర్వాత. ముందు, "ఏం కూరనే ఇయ్యాల?" అండాలు చేసే తప్పల్లా నిజం చెప్పడం. గటుక తింటే గటుక అనేది. పచ్చిపులుసు పోసుకుంటే పచ్చిపులుసు అనేది. పులుసులో చింతపండు తక్కువైతే ఆ సంగతి అడగకుండానే చెప్పేది.

మిగతా పిల్లలకు ఆ తెలివితక్కువతనం లేదు. మింగ మెతుకు లేకున్నా మీసాలకు సంపెంగ నూనె రాసే ఊరు అది. మీసాలు రాని పిల్లలకు తల్లులు నాలుకకే రాశారు. జొన్నరవ్వ గటుక తిన్న రోజున మూతి తుడుచుకుని బయటికి వచ్చి "వరిబువ్వ, పప్పు" అనాలి. పప్పు తిన్న రోజున "కోడికూర" అనాలి. కోడికూర తిన్న రోజున ఏమనాలో ఎవరూ నేర్పలేదు. ఆ అవసరం ఎప్పుడో గాని పడేది కాదు.

ఇందులో మోసమేమీ లేదు. చెప్పేవాళ్లకు తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. నిజాం హాలీ సిక్కాను ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయిలోకి మార్చుకున్నట్టు, విన్నదాన్ని ఒక మెట్టు దించి అర్థం చేసుకునేవారు. పప్పు అన్నారా, గటుక. కోడి అన్నారా, పప్పు. లెక్క ఎప్పుడూ తప్పేది కాదు, ఒక్క అండాలు దగ్గర తప్ప. ఆమె గటుక అన్నప్పుడు కూడా జనం అలవాటుకొద్దీ ఒక మెట్టు దించేవారు.

"ఏమే గోపమ్మా, పిల్లకు వట్టి గంజి పోసి పండవెడుతున్నవట?" అని ఎదురింటి బాలనర్సమ్మ బాయికాడ అందరి ముందూ జాలిపడేది. గోపమ్మ ఇంటికి వచ్చి కూతురి తొడ మీద గిల్లేది. అండాలు ఏడ్చి, తనను ఎందుకు గిల్లారో కూడా వాడకట్టంతా చెప్పి వచ్చేది.

ఆ ఇంటి పరువు ఈ తీరుగా ఉండగా ఊరి మీదికి కొత్త క్యాంపు వచ్చింది.

పోలీసు యాక్షన్ అయి ఏడాది దాటింది. రజాకార్లు పోయారు. కమ్యూనిస్టు దళాలు పోలేదు. దళాలను పట్టడానికి వచ్చిన పోలీసులూ పోలేదు. పగలు వీళ్లు వచ్చి వాళ్లేరీ అని అడిగేవారు, చీకటి పడ్డాక వాళ్లు వచ్చి వీళ్లేమన్నారని అడిగేవారు. ఊరి కోళ్లకు మాత్రం ఎవరు వచ్చినా ఒకటే తీర్పు.

క్యాంపు ఇన్‌స్పెక్టరు రామచంద్రం సర్కారు జిల్లాల మనిషి. చదువుకున్నవాడు, చెయ్యి చేసుకోవడం కన్నా బుద్ధి ఉపయోగించడం గొప్ప అనుకునేవాడు. ఊళ్లో పెద్దవాళ్లను కొట్టి అడిగినా, బుజ్జగించి అడిగినా ఒకటే జవాబు వస్తుందని ఆయన గమనించాడు: "మాకేం ఎర్క, బాంచెన్." అప్పుడు ఆయనకొక ఆలోచన తట్టింది. పెద్దలు అబద్ధమాడతారు, పసివాళ్లు ఆడరు. అందులోనూ తిండి సంగతిలో అసలే ఆడరు. ఈ మెట్ట ఊళ్లలో పండుగ కాని రోజున వరన్నమూ కోడికూరా వండారంటే ఆ ఇంటికి చుట్టాలు వచ్చినట్టు. ఈ రోజుల్లో చీకట్లో వచ్చే చుట్టాలెవరో చెప్పనక్కర లేదు. కాబట్టి పొద్దున్నే పోయి పిల్లలను "రాత్రి ఏం తిన్నారు?" అని అడిగితే చాలు.

ఆయనకు ఇద్దరు పిల్లలు ఉన్నారట. వాళ్లకు అన్నం పెట్టేది ఆయన భార్య. అందుకే ఆయన ఆ సిద్ధాంతాన్ని నమ్మగలిగాడు. నేను ముగ్గురిని పెంచాను. మా పెద్దవాడు మూడు దోసెలు తిని కూడా పొద్దటి నుంచి ఏమీ పెట్టలేదని వాళ్ల నానమ్మకు చెప్పేవాడు, అదీ కళ్లనీళ్లతో.

అయితే నవ్వుకోవడానికి లేదు. ఆ సిద్ధాంతం పక్క ఊళ్లో ఒకసారి పనిచేసింది. ఒక పిల్లవాడు "మా ఇంట్ల సుట్టాలు బువ్వ తిన్నరు" అన్నాడు. ఆ పూటే వాడి తండ్రిని జీపెక్కించుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. పిల్లవాడు అప్పటి నుంచి నోరు తెరవడం లేదనీ, అన్నం పెట్టినా తెరవడం లేదనీ చెప్పుకునేవారు.

ఇన్‌స్పెక్టరు తన సిద్ధాంతాన్ని పిప్పరమెంటు బిళ్లల సంచితో సహా ఈ ఊరికి తెచ్చిన రోజున గోపమ్మ ఇంట్లో, గింజలు అయిపోయి ఖాళీగా ఉన్న గుమ్మిలో, ఆమె తమ్ముడు లింగస్వామి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉన్నాడు.

ముందటి రోజు దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. వెంట ఇద్దరు, భుజాన తుపాకులు. తమ్ముడు ఇంటికి వచ్చి ఎన్నాళ్లో అయింది. గోపమ్మ పెత్తరమాసకని దాచిన బియ్యం తీసింది. పితృదేవతలు ఎటూ ఆకలికి ఓర్చుకుంటారు, దళం వాళ్లు ఓర్చుకోలేరు. ఉన్న ఒక్క పెట్టనూ కోసింది. ఈకలు పెంటకుప్పలో లోతుగా పూడ్చింది. అన్నీ జాగ్రత్తగా చేసింది, ఒక్కటి తప్ప. కందనకాయ.

ఇంట్లో కోడి కోస్తే కందనకాయ చిన్నపిల్లదే. అది ఆ ప్రాంతంలో ఎవరూ కాదనని హక్కు. భూమి మీద హక్కుల కోసం దళాలు కట్టినవాళ్లు కూడా ఆ హక్కు జోలికి పోరు. పెట్ట మెడ తెగినప్పటి నుంచి అండాలు పొయ్యి దగ్గర కదలకుండా కూర్చుంది. కానీ బయటికి వెలుతురు కనబడకూడదని దీపం వత్తి తగ్గించి వడ్డిస్తున్న ఆ మసకలో, గరిటెలో ఏం పడిందో గోపమ్మ చూడలేదు. తల్లెలో ఏం పడిందో లింగస్వామి చూడలేదు. చూసింది ఒక్క అండాలే. అప్పటికే అది మేనమామ నోట్లో ఉంది.

ఏడుపు అందుకుంది. ఎవరైనా వింటారన్న భయంతో గోపమ్మ ఒకటి వేసింది. అన్నం అప్పటికే అయిపోయింది. మగవాళ్లు తిన్నాక కుండలో మిగిలింది గంజి వాసన మాత్రమే. పొద్దటి గటుక ఇంత ఉప్పేసి పిల్ల ముందు పెట్టింది. అండాలు ఏడుస్తూ తిని, తింటూ ఏడ్చి, అక్కడే పడి నిద్రపోయింది.

ఆ తర్వాత ఇద్దరు వెళ్లిపోయారు. లింగస్వామి వెళ్లలేకపోయాడు. దొరల గడీల మీదికి పోయి వచ్చిన కాలులో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. గోపమ్మ సూదితో చీము తీసి, పసుపు పెట్టి, గుడ్డ కట్టి, తమ్ముణ్ణి గుమ్మిలోకి దించింది.

తెల్లవారాక ఆమెకు కూతురు గుర్తుకొచ్చింది. చెప్పొద్దని చెబుదామా? అండాలుకు "ఎవలకు చెప్పకు" అని చెప్పడమంటే చాటింపువానికి డప్పు చేతికియ్యడమే. ఇంట్లోనే కట్టేసి ఉంచుదామనుకుంది. అంతలోకే చావడి దగ్గరి నుంచి కేక వినబడింది: పిల్లలందరినీ తీసుకొని రావాలి, రానివాళ్ల ఇంట్లోకి పోలీసులే వస్తారు.

భర్త కాటమయ్య అప్పటికే తాటిచెట్టు మీద ఉన్నాడు. జీపు దుమ్ము ఊళ్లో అందరికన్నా ముందు ఆయనకే కనబడింది. ఏం లాభం? మోకు వేసుకుని తాటిచెట్టు ఎక్కినవాడికి తొందరగా దిగే దారి ఒక్కటే ఉంటుంది, దిగాక నడిచే పని ఉండదు.

గోపమ్మ కూతురి చెయ్యి పట్టుకుని చావడికి నడిచింది.

చావడి ముందు కుర్చీ వేసుకుని రామచంద్రం కూర్చున్నాడు. పక్కన పోలీసు పటేలు రఘుపతి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పటేలు మనవడు, ఎనిమిదేండ్ల కిష్టయ్య, అరుగు మీద కాళ్లు ఊపుకుంటూ పిప్పరమెంటు సంచినే చూస్తున్నాడు. పటేలు సర్కారు మనిషి కాబట్టి అతని మనవణ్ణి అడిగే పని లేదు. అడగనివాడికి బిళ్ల లేదు. కిష్టయ్య మొహం అప్పటికే ముడుచుకుని ఉంది.

ముందు ఒక చిన్నపిల్ల వచ్చింది.

"రాత్రి ఏం తిన్నావమ్మా?"

"బువ్వ, పప్పు."

ఒక బిళ్ల ఇచ్చాడు. తర్వాత బాలనర్సమ్మ కొడుకు ఐలేశం. వాడు తల్లి వైపు చూశాడు. బాలనర్సమ్మ గడ్డం పైకెత్తింది.

"వరిబువ్వ, కోడికూర."

రామచంద్రం కళ్లు మెరిశాయి. "భేష్!" అని రెండు బిళ్లలు ఇచ్చాడు.

ఇక చూడాలి. వరుసలో ఉన్న పిల్లలు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోలేదు, చెప్పుకోవలసిన పని లేదు. మూడోవాడు కోడికూర మీద గుడ్లు తిన్నాడు. తర్వాతి పిల్ల మేకకూర తిన్నది. ఆ వెనకవాడికి పొట్టేలు కూడా ఆనలేదు. "తలకాయ, కాళ్లు, తోక గూడ" అని చేతులు చాచి మరీ చూపించాడు. సంచి సగానికి వచ్చేసరికి ఆ కరువు ఊరు రాత్రికి రాత్రి నిజాం నవాబు పెండ్లి చేసినంత తిన్నట్టు తేలింది.

రామచంద్రం పటేలు వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ ఊళ్లో ఇన్ని కోళ్లున్నాయా?"

"ఎక్కడియి సార్? మీ క్యాంపు వచ్చినంక..." అని మొదలుపెట్టి, పటేలు గొంతు సవరించుకుని, "వానలు లేవు సార్" అని ముగించాడు.

కోళ్లకూ వానలకూ ఏం సంబంధమో ఇన్‌స్పెక్టరు అడగలేదు. "ముందు ఈ కోడికూర ఇల్లు చూడండి" అని జవాన్లను బాలనర్సమ్మ ఇంటికి పంపాడు. వాళ్లు ఈకలు దొరకక, బొక్కలు దొరకక, చివరికి పొయ్యి మీది కుండ పట్టుకొచ్చి ఆయన ముందు బోర్లించారు. మాడిన గటుక చెక్కు ఊడి పడింది.

"ఇదేమిటి?"

బాలనర్సమ్మ చుట్టూ చూసింది. ఊరి ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. "గది కుక్కకు వండింది సార్" అంది.

"మీకు కుక్కుందా?"

"ఉండె సార్. సచ్చింది."

"ఎప్పుడు?"

"పోయిన పండుగకు. గందుకే గటుక మిగిలింది."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. రామచంద్రం లేచి ఆమె ముందుకు వచ్చాడు. గొంతు పెంచలేదు. "చూడమ్మా. నీ కొడుకు కోడికూర అన్నాడు. తిన్నది నిజమైతే వచ్చినవాళ్లెవరో చెప్పాలి, క్యాంపుకు రావలసి ఉంటుంది. తిననిది నిజమైతే తినలేదని చెప్పు."

బాలనర్సమ్మ కొడుకు వైపు చూసింది. కిందికి చూసింది.

"గటుకనే సార్," అంది.

నవ్వినవాళ్లు కూడా మొహం తిప్పుకున్నారు. ఇన్నేండ్లూ బాయికాడ తనను గంజిదాన్ని చేసిన మనిషి అట్లా నిలబడితే గోపమ్మకు సంతోషం కలగవలసింది. కలగలేదు. ఆమె చెయ్యి అండాలు రెట్టను ఎంత గట్టిగా పట్టుకుందంటే పిల్ల "అమ్మా, నొస్తాంది" అని గుంజుకుంది.

రామచంద్రం మళ్లీ కుర్చీలో కూర్చుని ఆలోచించాడు. ఆయన మూర్ఖుడు కాదు. ఈ ఊళ్లో గటుక తిన్నవాళ్లు కోడి అంటున్నారు. మరి కోడి తిన్నవాళ్లు ఏమంటారు? తలెత్తి చూశాడు. వరుసలో మిగిలింది అండాలు.

"నువ్వేం తిన్నావమ్మా?"

"గటుక."

పిల్లలంతా పక్కున నవ్వారు. "గటుక మొకంది!" అని ఐలేశం అరిచాడు. వాళ్ల అమ్మ పోగొట్టుకున్న పరువులో పిసరంతైనా ఎవరి మీదో ఒకరి మీద రాబట్టాలి కదా.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. ముందుకు వంగాడు. "ఒట్టి గటుకేనా?"

"ఉప్పు గూడ."

"అందరూ కోడికూర తిన్నామంటుంటే నీకు గటుకేమిటి తల్లీ? పాపం." గుప్పెట తెరిచాడు. అందులో మూడు బిళ్లలు ఉన్నాయి. "ఎందుకట్లా?"

అండాలు కింది పెదవి వణికింది. రాత్రి నుంచి లోపల కుక్కుకున్న అన్యాయం అది. ఊరంతా తిరిగి చెప్పడానికి పొద్దున్నుంచి వీలు దొరకలేదు.

"తుపాకులోళ్లొచ్చిండ్రు. బువ్వంత తిన్నరు. కోడినంత తిన్నరు. నా కందనకాయ గూడ తిన్నరు. అమ్మ నాకు గటుక వెట్టింది. కొట్టింది గూడ!"

కుర్చీ వెనక్కి పడింది. "ఎవరింట్లో?"

"మా ఇంట్ల!"

గోపమ్మకు కండ్ల ముందు గుమ్మి కనబడింది, దాని మీది చాట కనబడింది, చాట తీస్తే పైకి చూసే మొహం కనబడింది. కూతురు చెప్పినదాంట్లో ఒక్క మాటా తప్పు లేదు. తప్పు లేనిదాన్ని కాదంటే ఎవరు నమ్ముతారు? కాదని అరిచిన మరుక్షణం జవాన్లు ఇంట్లో ఉంటారు. ఏం చెయ్యాలో తోచక తల తిప్పితే అరుగు మీద కిష్టయ్య కనబడ్డాడు. పొద్దున్నుంచి తననెవరూ అడగలేదని మూతి మూరెడు పెట్టుకుని కూర్చున్నాడు.

గోపమ్మ నవ్వింది. చావడి చూరు దాకా వినబడేటట్టు నవ్వింది.

"ఇన్నవా కిష్టయ్యా! తుపాకులోళ్లు మా ఇంటికొచ్చి కోడి తిన్నరంట. మీ తాత పటేలైతేంది, మీ ఇంటికి ఎవ్వలు రాకపాయె! మీరు గంజి దాగి పండుకున్నరా ఏంది?"

"గోపమ్మా! నోర్మూయ్!" అన్నాడు పటేలు. ఆమె ఎటు పోతోందో ఆయనకు ఒక్కడికే అర్థమైంది, కాస్త ఆలస్యంగా.

కిష్టయ్య అరుగు మీది నుంచి దూకాడు. మొహం కందిపోయింది. "అబద్దం! తుపాకులోళ్లు మా ఇంటికొచ్చిండ్రు! మా కోడిని తిన్నరు! పుంజును గూడ తిన్నరు! నా కందనకాయను గీ సారే తిన్నడు!" వేలు ఇన్‌స్పెక్టరు బొజ్జకు తగిలినంత పని చేసింది. "మస్తుగున్నది, ఇంకున్నయా అని అడిగిండు! మా అవ్వ లోపట్కి వొయ్యి తిట్టింది!"

అది నిజం. రాత్రి క్యాంపు భోజనం ఊరి ఆ కొసనున్న పటేలు ఇంట్లోనే, తిని జీపెక్కి పోయారు. తిన్నవాళ్లకు గుర్తుంది, పెట్టినవాళ్లకు ఇంకా బాగా గుర్తుంది. అది అడిగే ప్రశ్న అవుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

పటేలు గాభరాగా పిప్పరమెంటు సంచిలో చెయ్యి పెట్టి, దొరికినన్ని బిళ్లలు తీసి మనవడి నోట్లో కుక్కాడు. నోరు మూయించడానికి. కానీ పిల్లలు చూసింది వేరు. కోడి అన్నవాడికి రెండు బిళ్లలు. సారును చూపించినవాడికి గుప్పెడు.

"మా ఇంటికి గూడ వచ్చిండు సారు!" అన్నాడు ఐలేశం.

"మా ఇంటికి గూడ!"

"నా కందనకాయ గూడ గీ సారే తిన్నడు!"

"మా ఇంటికి ఫిరంగి తెచ్చిండు!" అన్నాడు పొట్టేలు తోక తిన్నవాడు.

చూస్తుండగానే ఊళ్లో ప్రతి పిల్ల కందనకాయా ఆ ఒక్క రాత్రి ఒక్క మనిషి కడుపులోకి పోయినట్టు రుజువైంది. జవాన్లు జీపు వైపు తిరిగి దాని చక్రాలను పరీక్షించడం మొదలుపెట్టారు. వాళ్ల భుజాలు ఊగుతున్నాయి. ఆడవాళ్లు కొంగులు నోట్లో పెట్టుకున్నారు. బాలనర్సమ్మకు మాత్రం కొంగు అవసరం రాలేదు, ఆమెకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది.

"గిన్ని కందనకాయలు వట్టిందంటే అది కడుపా, గుమ్మా?"

గుమ్మి అన్న మాటకు గోపమ్మ నవ్వు ఆగిపోయింది.

రామచంద్రం అండాలు ముందు మోకాలి మీద కూర్చున్నాడు. చివరి ప్రయత్నం. మెల్లగా అడిగాడు, "నువ్వు మంచిపిల్లవు. అబద్ధం చెప్పవు. మీ ఇంటికి వచ్చిందెవరు? చూపించు."

అండాలు సంచి వైపు చూసింది. కిష్టయ్య ఉబ్బిన బుగ్గల వైపు చూసింది. పుట్టిన నాటి నుంచి నిజం చెప్పి ఆమెకు దొరికింది తొడ మీద గిల్లుళ్లు. ఈ పూట కూడా దొరికింది నవ్వులే. పిల్ల చెయ్యెత్తి ఇన్‌స్పెక్టరు ముక్కు మీద వేలు పెట్టింది.

"గీ సారే."

ఆయన లేచాడు. అయినా ఊరుకోలేదు. "నీ ఇల్లేది?" అన్నాడు గోపమ్మతో.

"గదే సార్, తాటాకు దడి. రాండ్రి, కుండ సూపెడుత. మాది గూడ మాడింది" అంది.

ఆయన నడిచాడు. పిల్లలూ నడిచారు. గుప్పెడు బిళ్లలు ఇచ్చే దొర ఒకరి ఇంటికి పోతుంటే మిగతా ఇండ్ల పరువేం కావాలి? ఐలేశం ఒక చెయ్యి పట్టుకుని "సార్, ముందుగాల మా ఇల్లు" అన్నాడు. ఫిరంగివాడు రెండో చెయ్యి పట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరో బెల్టు పట్టుకుని గుంజారు. అండాలు అందరినీ తోసుకుని ముందుకు వచ్చి, ఆయన చిటికెన వేలు పట్టుకుని తమ ఇంటి వైపు లాగింది. "రా సార్, కోడి తిందువు. మా అమ్మ వండుతది."

దడి దాకా వచ్చారు. దడి అవతల వాకిలి, వాకిలి అవతల తెరిచిన తలుపు, తలుపులోంచి చూస్తే గుమ్మి నడుము. గోపమ్మ దడి పట్టుకుని నిలబడింది.

రామచంద్రం ఆగాడు. వెనక్కి చూస్తే ఊరంతా వస్తోంది. అందరి కండ్లూ ఆయన మీద, ఆయన కడుపు మీద. ఇప్పుడు ఈ ఇంట్లోకి పోతే తర్వాతి ఇంటికి పోవాలి, దాని తర్వాత ఇంకో ఇల్లు, ఈ ఊరేగింపుతో సహా. ఈ వార్త తనకన్నా ముందు నల్లగొండ చేరుతుంది. చేతులు విదిలించుకున్నాడు.

"పిల్లలను ఇట్లాగేనా పెంచేది?" అని గోపమ్మ మీద కేకవేసి, సమాధానం కోసం ఆగకుండా జీపు వైపు తిరిగాడు.

జీపు దుమ్ము కనుమరుగయ్యాక కూడా గోపమ్మ దడి వదలలేదు. కాటమయ్య వచ్చి ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి లోపలికి తీసుకుపోయాడు.

పొద్దు తిరిగాక ఆడవాళ్లు చేలల్లోని పశువులకు గడ్డి మోసుకుపోయే వేళ చూసి గోపమ్మ తమ్ముణ్ణి గుమ్మిలోంచి బయటికి తీసింది. కాలు వాపు తగ్గింది, కుంటుతూ నడవగలడు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుంటే మొహం కనబడదు. ఆడవాళ్ల వెనక కాటమయ్య, కాటమయ్య వెనక ఇతను, వాగు దాటేదాకా అట్లాగే.

పోయేముందు ఆమెకు ఒక సంగతి తేల్చుకోవాలనిపించింది. రేపు మళ్లీ వచ్చి అడిగితే? లింగస్వామిని గుమ్మి వెనక నిలబెట్టి కూతురిని పిలిచింది. అండాలు బిళ్ల చప్పరిస్తూ వచ్చింది.

"రాత్రి మనింటికి ఎవలొచ్చిండ్రే?"

"పోలీసు సారు."

"ఇంకా?"

"ఇంకా పోలీసులు. తుపాకులతోని."

"మామ రాలేదా?"

"మామేడొచ్చిండు? మామ పెత్తరమాసకు వస్తడంటివి గదా."

"మరి కందనకాయ ఎవలు తిన్నరు?"

"పోలీసు సారే. మస్తుగున్నది, ఇంకున్నయా అన్నడు. నువ్వు లోపట్కి వొయ్యి తిట్టినవు."

గోపమ్మ పిల్ల గడ్డం పట్టుకుని కండ్లలోకి చూసింది. అబద్ధమాడే పిల్లల కండ్లు ఎట్లా ఉంటాయో ఆ ఊళ్లో ఏ తల్లికైనా తెలుసు. ఆ కండ్లు అట్లా లేవు. పిల్ల తాను చూసిందే చెబుతోంది. ఆమె చూసిన రాత్రి ఈ సాయంత్రానికి మారిపోయింది, అంతే. వదిలేస్తే అండాలు ఎగురుకుంటూ బయటికి పోయింది, వాడకట్టుకు చెప్పడానికి. గోపమ్మ ఈసారి ఆపలేదు.

గుమ్మి వెనక నుంచి లింగస్వామి బయటికి వచ్చాడు. గుమ్మిలో పొద్దంతా చావు కోసం ఎదురు చూసినప్పుడు కూడా అతని మొహం అంత చిన్నబోలేదు.

"అక్కా, జెండా వట్టుకుని గడీ ఎక్కినోన్ని నేను. నన్ను పోలీసోన్ని చేసిందా నీ బిడ్డ?"

"చేసింది. నువ్వు బతికినవు. నడువు."

"గట్లెట్లనే? రేపు నలుగుట్ల గిదే చెప్తది. జర పిలువు, రెండు ముక్కలు సమజు చేసి పోత. మేమెవలం, వాళ్లెవలు..."

"నీ క్లాసు రాజ్యమొచ్చినంక చెప్పుదువు" అంటూ గోపమ్మ గడ్డిమోపు ఎత్తి అతని నెత్తిన పెట్టి, మాట గడ్డిలో కలిసిపోయేదాకా రెండు చేతులా కిందికి అదిమి, దొడ్డిదారిన బయటికి నెట్టింది.